సవరణ: తెలుగు టీవీ 1977లో మొదలు కాలేదు

హైదరాబాదు దూరదర్శన్ గురించిన గత వ్యాసంలో ‘తెలుగువారికి టీవీ 1977 అక్టోబరు 23న వచ్చింది’ అని ఉంది. ఆ రోజు ప్రారంభమైంది హైదరాబాదు కేంద్రం మాత్రమే. తెలుగు కార్యక్రమాలు అంతకు రెండేళ్ల ముందే పల్లెలకు చేరాయి.

1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ‘సైట్’ (ఉపగ్రహం ద్వారా బోధనా టీవీ) ప్రయోగం జరిగింది. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్లగూళ్లకు వాడే ఇనుప జాలీతో చేసిన పెద్ద యాంటెన్నా, ఊరంతటికీ ఒకే టీవీ. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం రైతులకు, మిగతా ఊరివాళ్లకు కార్యక్రమాలు వచ్చేవి. రాజధాని కంటే ముందు మారుమూల పల్లెలు టీవీ చూసిన చరిత్ర ఇది. దీన్ని వదిలేస్తే ఆ ఊళ్లకు అన్యాయమే.

వార్తల సంగతి కూడా స్పష్టం చేయాలి. కేంద్రం 1977లో వచ్చినా తెలుగు వార్తలు 1983 నవంబరు 14న, న్యూస్ రీడర్ శాంతిస్వరూప్ గొంతుతో మొదలయ్యాయి.

మరొకటి: 2014లో వచ్చిన దూరదర్శన్ ‘యాదగిరి’ ఛానెల్ కొత్త స్టేషన్ కాదు. పాత హైదరాబాదు కేంద్రమే ఆ పేరుతో కొనసాగుతోంది. దానికి అంతకుముందున్న ‘సప్తగిరి’ పేరు విజయవాడ కేంద్రానికి వెళ్లింది.