బేగంపేట గుమ్మటాలు, కావలూరు చీకటి

బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం ఆవరణలో చెట్ల మధ్య పాత నిజామియా వేధశాల గుమ్మటాలు కనిపిస్తాయి. బయట ఫ్లైఓవర్, మెట్రో, రాత్రంతా ఆరని దీపాలు. ఒకప్పుడు ఇక్కడి నుంచే ఆకాశంలో ఒక పట్టీ మొత్తాన్ని కొలిచారంటే నమ్మబుద్ధి కాదు.

నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో పెట్టుకున్నారు. ఆయన మరణించాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత వేధశాల బేగంపేటకు చేరింది. నిజామియా కథ చెప్పేవాళ్లు సాధారణంగా నవాబు దగ్గరే ఆగిపోతారు. కానీ అసలు పని చేసింది ఆ పెద్ద దూరదర్శిని కాదు, 8 అంగుళాల ఫొటో దూరదర్శిని. అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పథకంలో హైదరాబాద్ వాటాకు ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ వచ్చింది. రాత్రి గాజు పలకల మీద ఫొటోలు తీయడం, పగలు ఒక్కో చుక్క స్థానాన్ని కొలిచి రాసుకోవడం. అలా ఏళ్ల తరబడి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు లెక్కకెక్కాయి. గుమాస్తా పని అనండి, నాకు అభ్యంతరం లేదు.

ఆ వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన వ్యక్తి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో తోకచుక్కను కనిపెట్టారు. 1960లో సూర్యుణ్ని పరిశీలించే కొడైకెనాల్ వేధశాల బాధ్యతలు చేపట్టాక రాత్రి ఆకాశం కోసం చోటు వెతుక్కుంటూ తమిళనాడులో జవ్వాది కొండల అడవి పల్లె కావలూరును ఎంచుకున్నారు. అక్కడ 1972లో ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. 1977లో యురేనస్ వలయాల జాడ పట్టిన చోట్లలో కావలూరు ఒకటి. బప్పు తలపెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపు 1986లో ఆయన పేరుతోనే ప్రారంభమైంది. దాన్ని చూడకుండానే 1982లో ఆయన కన్నుమూశారు.

నిజామియాను నడిపిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా బేగంపేటను నమ్ముకుని కూర్చోలేదు. 1968లో నగరానికి దూరంగా జపాల-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా దాని నెత్తిమీదుగానే వెళ్లింది. ఇప్పుడు నగరమే దాని వైపు నడుస్తోంది. అద్దాలు, మోటార్లు బాగుచేయడానికి నిధులు అడుగుతాం, మంచిదే. చీకటిని మాత్రం ఎవరూ బడ్జెట్‌లో అడగరు. లడఖ్‌లో వేధశాల ఉన్న హాన్లే చుట్టూ 2022లో చీకటి ఆకాశాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ ఊరివాళ్లు రాత్రిపూట కిటికీలకు మందపాటి తెరలు దించుకుంటున్నారు.