మిద్దె మీద ఎండ ఎవరిది?

బెంగళూరులో ఇల్లు కట్టేవాడు అందరినీ సలహా అడుగుతాడు. బ్యాంకువాళ్లను, వాస్తు సిద్ధాంతిని, మేస్త్రిని, ఆఖరికి ఎదురు సైటు వాచ్‌మన్‌ను కూడా అడుగుతాడు. ఒక్క సూర్యుణ్ణి మాత్రం అడగడు. హొరమావులో ముప్ఫై బై నలభై అడుగుల సైటులో ఇల్లు కట్టి ఏడాదిన్నరగా అందులో కాపురం ఉంటున్న అనుభవంతో చెబుతున్నాను, అడగకపోవడమే సరైన పద్ధతి. ఆయన్ని అడిగితే ప్లాను మార్చమంటాడు. ప్లాను మారిస్తే ఎలివేషన్, అంటే ఇంటి ముందు వైపు అందం, పోతుంది. ఎలివేషన్ పోయాక అనంతపురంలో బంధువులకు ఫోన్లో ఏం చూపిస్తాం?

మేమూ మొదట్లో ఒక తప్పు చేశాం. ఒక ఆర్కిటెక్టు అమ్మాయిని పిలిచాం. ఆ అమ్మాయి పొద్దున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి వచ్చి ఖాళీ సైటులో నిలబడి నీడలు చూసుకుంది. అప్పుడే మాకు అనుమానం వచ్చింది. మా సైటుకు రోడ్డు పడమర వైపు. ఆ వైపు కిటికీలు తగ్గించి మెట్లు, బాత్రూములు పెట్టుకోండి, మిగతా కిటికీల మీద రెండడుగుల సన్‌షేడ్ వేసుకోండి, గోడలకు ర్యాట్ ట్రాప్ బాండ్ వాడండి అని చెప్పింది. అంటే ఇటుకను పడుకోబెట్టకుండా నిలబెట్టి కడతారు. గోడ మధ్యలో గాలి గదులు మిగులుతాయి, వేడి తొందరగా లోపలికి దిగదు, ఇటుకలు పావు వంతు దాకా తగ్గుతాయి. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఇలాంటివి బోలెడు కట్టించారు. అంతా బాగానే ఉంది గానీ, ఆ గోడ పేరును మా అమ్మకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

"ఎలుకల బోనా? కొత్తింటికి ఎవరన్నా ఎలుకల బోను కడతారా నాయనా?"

దాంతో ఆ అమ్మాయి ఫీజు తీసుకుని వెళ్లిపోయింది. మేం పడమటి వైపు రెండు అంతస్తుల ఎత్తున అద్దం పెట్టించాం.

ఈ అద్దం వెనక ఒక గొప్ప ఆర్థిక సూత్రం ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మధ్యాహ్నం ఎండను అద్దంలోంచి హాల్లోకి రానివ్వాలి. హాలు కాగాక ఏసీ పెట్టి ఆ వేడిని బయటికి తోయాలి. ఏసీకి కరెంటు కావాలి కదా, అందుకని అదే ఎండను మిద్దె మీద ప్యానెళ్లతో పట్టుకోవాలి. ఒకే ఎండకు మూడు ఉద్యోగాలు. మధ్యలో అద్దంవాడికి, ఏసీవాడికి, ప్యానెలువాడికి ఉపాధి. పాత బెంగళూరువాళ్లకు ఈ సూత్రం తెలియదు పాపం. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో పెంకుల కప్పు, ఎర్ర గచ్చు, వాకిట్లో రెండు చెట్లు పెట్టుకుని చాలామంది ఫ్యాను కూడా లేకుండా గడిపేశారు. నీడకు స్టార్ రేటింగ్ లేదు, వారంటీ కార్డు లేదు, ఈఎంఐ కూడా లేదు. అలాంటి వస్తువును నమ్మి ఇల్లు కట్టడం ఎలా?

తర్వాత ఇంట్లో కరెంటు మీద సమావేశం జరిగింది. మా మామగారి నాన్న కోలారు బంగారు గనుల్లో పనిచేశారు. ఆ హక్కుతో మామగారే మొదలుపెట్టారు.

"1902లో శివనసముద్రం కాడ కావేరిలో కరెంటు తీసినప్పుడు అది ముందు మా గనులకే వచ్చింది. ఈ బెంగళూరు వీధుల్లో లైట్లు వెలిగింది 1905లో. మూడేండ్లు మేమే ముందు. కరెంటు సంగతి నాకు వదిలేయండి అల్లుడుగారూ."

వదిలేశాం. మూడు ఏసీలకు సరిపడేలా త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోమన్నారు, తీసుకున్నాం. ఇప్పటికీ ఇంట్లో ఒక్క ఏసీయే ఉంది. రాబోయే రెండింటి గౌరవార్థం ప్రతి నెలా కిలోవాట్ల లెక్కన ఫిక్స్‌డ్ చార్జీ కడుతున్నాం.

మా బావది వేరే దారి. "కర్ణాటక సర్కారు గృహజ్యోతిలో మన సగటు వాడకం దాకా బిల్లు మాఫీ, అదీ 200 యూనిట్ల లోపే. దాటితే ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికీ కట్టాలి. సోలారెందుకు బావా? ఇరవై అయిదో తేదీ నుంచి ఒక మనిషిని మీటరు కాడ కూర్చోబెడితే చాలు" అన్నాడు. ఆ మనిషి ఎవరన్న దగ్గర చర్చ ఆగిపోయింది.

చివరికి సోలారే గెలిచింది, అయితే ఎండ వల్ల కాదు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది. ఆ పైన ఎంత పెట్టినా 78 వేలే. మా ఇంటికి రోజుకు ఎన్ని యూనిట్లు కావాలో ఎవరూ లెక్కేయలేదు. సబ్సిడీ 3 దగ్గర ఆగింది కాబట్టి మేమూ 3 దగ్గర ఆగాం. బెంగళూరు ఎండకు కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి, అంటే పన్నెండు. దానికి నీడ పడని మిద్దె మూడు వందల చదరపు అడుగులు కావాలి.

అసలు కథ ఇక్కడే మొదలైంది, ఎందుకంటే మిద్దె మీద మాకన్నా ముందు దిక్కులు కాపురం ఉంటున్నాయి. నైరుతి ఎత్తుగా ఉండాలి కాబట్టి నీళ్ల ట్యాంకు అక్కడ. మధ్యాహ్నం మూడు దాటితే దాని నీడ మిద్దె నడిమధ్య దాకా పాకుతుంది. ఈశాన్యం ఖాళీగా, పల్లంగా ఉండాలి, అక్కడ పూలకుండీ కూడా పెట్టకూడదు. ప్యానెళ్లు దక్షిణానికి పదమూడు డిగ్రీలు వాలాలని కంపెనీ కుర్రాడు చెప్పేసరికి సిద్ధాంతిగారు కళ్లజోడు తీశారు. అది యముడి దిక్కట. పన్నెండు యూనిట్ల కోసం ఇంటిని యముడి వైపు తిప్పుతారా అని అడిగారు. చూసేది ఇల్లు కాదు స్వామీ, ప్యానెలు అని ఒప్పించడానికి ఒక పూట పట్టింది.

సోలార్ వాటర్ హీటరు దగ్గర శాస్త్రమే ఇరుకున పడింది. ఈ సైజు సైటులో కట్టే ఇంటికి అది ఎటూ తప్పదు. అయితే అది అగ్నా, జలమా? అగ్ని అయితే ఆగ్నేయంలో పెట్టాలి, కానీ లోపల 200 లీటర్ల నీళ్లున్నాయి. జలం అయితే ఈశాన్యం, కానీ అది కాగుతోంది. సిద్ధాంతిగారు చాలాసేపు ఆలోచించి, ఆవిరి వస్తుంది కనుక వాయువు అని తేల్చి వాయవ్యంలో పెట్టించారు. మేం స్నానం చేసే బాత్రూము కింద ఆగ్నేయం మూల. కొళాయి తిప్పితే వేడినీళ్లు మిద్దెంతా దాటి, రెండంతస్తులు దిగి రావాలి. ఈలోగా అర బకెట్టు చన్నీళ్లు పోతాయి. అవి ట్యాంకరు నీళ్లు. రోజుకు అయిదుగురం. మిగతా లెక్క చేయవద్దని మా ఆవిడ చెప్పింది.

జూన్, జూలైలలో మబ్బు పట్టినప్పుడు హీటరులోనే ఉన్న కరెంటు కాయిల్ ఆదుకుంటుంది. ఒక మనిషి స్నానానికి ట్యాంకు మొత్తాన్నీ కాచేంత మంచి మనసు దానిది. 200 లీటర్లను పాతిక డిగ్రీలు కాచడానికి సుమారు ఆరు యూనిట్లు. బాత్రూములో పదిహేను లీటర్ల గీజరైతే ఒకరికి అర యూనిట్‌తో పనైపోయేది. కానీ గీజరు పెట్టుకుంటే పర్యావరణం గురించి మాట్లాడే అర్హత పోతుంది కదా.

ప్యానెళ్ల స్టాండుకు దిమ్మెలు కట్టిన మేస్త్రిది పావగడ. వాళ్ల అన్న అయిదెకరాలు అక్కడి సోలార్ పార్కుకు లీజుకిచ్చాడు. 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు అది. దిమ్మె మీద తాపీ ఆపి అడిగాడు: "మా అన్నకు మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేలిచ్చినారు సార్. మీ మిద్దెకెంత ఇస్తారు?" ఇవ్వరు, మనమే పెట్టుకోవాలి అన్నాను. కాసేపు నన్ను జాలిగా చూసి మళ్లీ సిమెంటు కలిపాడు.

సోలార్ పెట్టాక మొదటిసారి కరెంటు పోయింది మా పాప పుట్టినరోజు నాడు, మిట్టమధ్యాహ్నం. నేను ధీమాగా కూర్చున్నాను. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ ఆగింది. బావ ఒకసారి ఆకాశాన్ని, ఒకసారి నన్ను చూశాడు. "మీద మూడు కిలోవాట్ల ఎండ, కింద విసనకర్రా?" అన్నాడు. లైన్లో కరెంటు లేకపోతే ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే మా సోలార్ ఇన్వర్టరు కూడా ఆగిపోవాలి, లేదంటే మన కరెంటు వైరులోకి ఎక్కి స్తంభం మీద ఉన్న లైన్‌మన్‌కు ప్రమాదం. ఇది నిజంగా అవసరమైన ఏర్పాటే. కానీ చెమటలు కారుతున్న నలభై మందికి కేకు ముందు దీన్ని వివరించడం తేలిక కాదు. ఆ మర్నాడే మెట్ల కింద యూపీఎస్, రెండు ట్యూబులర్ బ్యాటరీలు వచ్చాయి. వాటికి ఎండతో సంబంధం లేదు, లైను కరెంటుతోనే నిండుతాయి. డిస్టిల్డ్ వాటర్ పోసే బాధ్యత నాది.

అయినా ప్యానెళ్లు బాగా పనిచేశాయి. ఉత్పత్తి ఎంతో ఫోన్లో గ్రాఫుగా కనిపిస్తుంది. పొద్దున లేచి కొండలా గుండ్రంగా తిరిగి సాయంత్రానికి దిగేది. ఆఫీసు మీటింగుల్లో కూడా అదే చూసుకునేవాణ్ణి. మొన్న మార్చిలో ఒక వారం రోజులు పది గంటలకల్లా కొండ కూలిపోయి, నాలుగింటికి కొద్దిగా లేవడం మొదలుపెట్టింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. చేశాను. పక్క సైటులో లేస్తున్న పీజీ బిల్డింగు నీడేమో అనుకున్నాను, అది ఇంకా రెండో శ్లాబు దగ్గరే ఉంది. శనివారం పదకొండింటికి మిద్దెక్కాను.

ఆరు ప్యానెళ్లలో రెండింటి మీద నాన్న పాత పంచె తడిపి పరిచి ఉంది. నాలుగు మూలలా బట్టల క్లిప్పులు. దాని మీద వరసలు వరసలుగా సగ్గుబియ్యం వడియాలు. పక్కనే పీట వేసుకుని అమ్మ కూర్చుని ఉంది, చేతిలో కాకుల కర్ర.

"ఇదేందమ్మా?"

"ఈశాన్యంలో పెట్టొద్దంటిరి. నైరుతిలో నీడ. యాడ ఎండబెట్టేది మరి? ఇదైతే వాటంగా ఉంది నాయనా, పొద్దుగూకులూ ఎండే. అద్దం కింద కూడా కాలుతుంది, ఒక్క రోజుకే గలగలమంటున్నాయి."

రెండింటి మీద గుడ్డ పడితే మిగతా నాలుగు కూడా కుంటుతాయని చెప్పబోయాను. చేతిలో ఒక వడియం పెట్టింది. ఆ రోజు ఉత్పత్తి అయిదు యూనిట్లు, ఒక స్టీలు డబ్బా. బావ ఫోన్లోనే లెక్కేసి, అంగడిలో వడియాల రేటు చూస్తే డబ్బాలోనే లాభమన్నాడు.

గుమ్మడికాయ వడియాలకు ఇంకో నాలుగు రోజులు కావాలట.