స్లైడు మీద లేని పేరు

పోయిన ఏడాది గుడ్ ఫ్రైడేకి హ్యూస్టన్‌లో ఒక తెలుగు సహవాసానికి వెళ్ళాం. మూడో పాటకి తెర మీద స్లైడు పడగానే ఉలిక్కిపడ్డాను. వెనకాల బొమ్మ మా అపార్ట్‌మెంటు పక్కన ఉన్న చెరువు. తెల్లవారుజామున నేనే ఫోనుతో తీశాను, కుడి పక్కన మా నీలం కారు అద్దం కొస కూడా పడింది అందులో. పసుపు అక్షరాలు, పల్లవి మళ్ళీ అందుకోవాల్సిన చోట రెండు చుక్కలు, అన్నీ నా అలవాట్లే. మూలన ఉండాల్సిన మా చర్చి పేరు మీద మాత్రం ఎవరో ఒక నల్ల డబ్బా పెట్టి కప్పేశారు.

"కన్నీటి కడలినై నీ చెంత చేరితి" అని అందరూ కళ్ళు మూసుకుని పాడుతున్నారు. నేనొక్కణ్ణే కళ్ళు తెరుచుకుని ఆ నల్ల డబ్బా వంక చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నా గోల మొదలైంది. రాత్రి రెండింటి దాకా కూర్చుని టైపు చేసిన పీపీటీ, ఒక్క మాట అడిగితే ఇవ్వనంటానా, పేరు చెరిపేయడమేమిటి అని. మా ఆవిడ అంతా విని, "నిజమేనండీ. మరి ఆ పాట ఎవరిది?" అంది.

నాకు తెలియదు. ఆరేళ్ళ నుంచి పాడిస్తున్నాను.

మా విశ్వాసుల ఇళ్ళల్లో ఇది ఈనాటిది కాదు. గుంటూరులో మా ఇంట్లో రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ ఉండేది. కొత్త పాటల క్యాసెట్ వస్తే సంఘంలో ఒక్కరు కొనేవారు, మిగతావాళ్ళు ఖాళీ క్యాసెట్లు పట్టుకుని ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో కూర్చునేవారు. హై స్పీడ్ మీట నొక్కితే పాటలన్నీ కీచుకీచుమంటూ పరుగెత్తేవి. అయిపోగానే నాన్న క్యాసెట్ వీపున ఉండే రెండు ప్లాస్టిక్ నాలికల్నీ విరిచేసేవారు, మళ్ళీ ఎవరూ చెరపకుండా. అట్ట మీద స్కెచ్ పెన్నుతో "యేసు పాటలు – 4" అని రాసేవారు. రాసినవాళ్ళ పేరు, పాడినవాళ్ళ పేరు మా వరండాలోనే రాలిపోయేవి. నాన్నని దొంగ అనడానికి నాకు నోరు రాదు. ఆయన దాన్ని సువార్త పని అనుకునే చేశారు. ఇవాళ వాట్సాప్ గ్రూపులో ట్రాకులు ఫార్వర్డ్ చేసే నేనూ అలాగే అనుకుంటున్నాను, అక్కడే నాకు అనుమానం.

ఎవరినైనా అడగండి, ఒక వాక్యం తడుముకోకుండా చెబుతారు: "ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి." మత్తయి 10:8. యేసు ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. రోగుల్ని బాగుచెయ్యడానికి బయల్దేరుతున్న పన్నెండుమంది శిష్యులతో. అంటే ఇచ్చేవాడికి చెప్పిన మాట. మనం దాన్ని తీసుకునేవాడి జేబులో పెట్టాం. అక్కడి నుంచి రెండు వచనాలు దిగితే పనివాడు తన ఆహారానికి పాత్రుడని ఆయనే అంటాడు. ఆ వచనం మాత్రం ఎవరికీ నోటికి రాదు.

ఇచ్చేవాడు ఇస్తే ఎలా ఉంటుందో కీత్ గ్రీన్ అనే అమెరికన్ క్రైస్తవ గాయకుడు చూపించాడు. అమెరికాలో క్రైస్తవ పాటలకి బాగా గిరాకీ ఉన్న రోజుల్లో పాటల కంపెనీతో ఒప్పందం నుంచి బయటికొచ్చి, 1980లో తన ఆల్బమ్‌ని ఎంత ఇవ్వగలిగితే అంత ఇచ్చి తీసుకోండన్నాడు. ఏమీ లేకపోతే ఊరికే తీసుకోండన్నాడు. దాని ఖర్చుకి ఇల్లు తాకట్టు పెట్టాడు. 1982లో ఇదే టెక్సాస్‌లో విమాన ప్రమాదంలో పోయాడు. అప్పటికి రెండు లక్షలకు పైగా కాపీలు పంపితే అందులో 61 వేలు ఉచితంగా వెళ్ళినవి. ఇల్లు ఆయనది కాబట్టి తాకట్టు పెట్టుకున్నాడు. పక్కవాడి ఇల్లు తాకట్టు పెట్టి మనం దానధర్మాలు చేస్తామంటే ఏమనాలి?

మా పెద్దల్లో కొందరు ఇంకో మాటంటారు. పాట పరిశుద్ధాత్మ ఇచ్చింది, మనిషికి హక్కేమిటి అని. బాగానే ఉంది. మరి కీర్తనల గ్రంథం తెరిస్తే దావీదు కీర్తన, ఆసాపు కీర్తన, కోరహు కుమారులది అని తలకట్టులోనే పేర్లున్నాయెందుకు? మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూడండి. పైన రాగం, తాళం, పాటతో పాటు కవి పేరు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి పేరు నాకు తెలిసింది ఆ పుస్తకం వల్లే. ఆయన పాటలు ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, హక్కుల కాలం ఏనాడో తీరిపోయింది. పేరు మాత్రం తీరలేదు. అచ్చు పుస్తకం ఇన్నాళ్ళు కాపాడిన దాన్ని పీపీటీ పదేళ్ళలో తుడిచేసింది, ఆ తుడిచిన చేతుల్లో నావీ ఉన్నాయి.

బైబిల్లో నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయంలో ఒక వచనం ఉంది, దాని మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు. తమకి రావలసిన భాగాలు అందక, మందిరంలో సేవచేసే లేవీయులు, గాయకులు మందిరం వదిలేసి ఎవరి పొలానికి వాళ్ళు పారిపోయారట. నెహెమ్యా పాటగాళ్ళకి భక్తి తగ్గిందని తిట్టలేదు, అధికారులతో పోట్లాడాడు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికా కాపీరైట్ చట్టంలో 110(3) అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం ఆరాధనలో పాట పాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ తెర కోసం సాహిత్యాన్ని స్లైడు ఫైళ్ళలోకి ఎక్కించుకోవడం, కాగితం మీద కాపీలు తియ్యడం, లైవ్ పెట్టడం ఆ మినహాయింపులోకి రావు. పాటల కాపీలు తీసినందుకు చికాగో క్యాథలిక్ ఆర్చ్‌డయొసీస్ మీద ఒక ప్రచురణ సంస్థ దావా వేస్తే 1984లో జ్యూరీ 30 లక్షల డాలర్ల పైన కట్టమంది. పై కోర్టు తర్వాత అందులో చాలా భాగం కొట్టేసిందనుకోండి, చర్చిలకి దడ మాత్రం పట్టుకుంది. చర్చిలకి పాటల అనుమతులు ఇచ్చే సీసీఎల్ఐ అనే సంస్థ లైసెన్సు 1988లో మొదలై అందుకే అంత త్వరగా అల్లుకుపోయింది. ఏడాదికోసారి రుసుము కడితే జాబితాలో ఉన్న పాటల సాహిత్యం చూపించుకోవచ్చు. లైవ్‌కి వేరే లైసెన్సు. మన దేశంలో 1957 చట్టం 52వ సెక్షను మతకార్యాలకు మినహాయింపు ఇచ్చి, పెళ్ళి ఊరేగింపుని కూడా అందులో కలిపింది. (ఇది చర్చివాళ్ళ గొడవ అని పేజీ తిప్పెయ్యకండి. ఇక్కడ అమెరికాలో మినహాయింపు ఆరాధనకే. ఉగాదికి మనం అద్దె హాల్లో దంచే సినిమా పాటలకి అది వర్తించదు.)

మా చర్చి ఆ లైసెన్సు కడుతోంది. తీరా నేను మా పాటలు వెతికితే ఇంగ్లీషువన్నీ దొరికాయి, తెలుగువి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అంటే ఇంగ్లీషు పాటకి చెక్కు రాస్తున్నాం, తెలుగు పాటకి "దేవునికి స్తోత్రం" చెబుతున్నాం. కొన్ని పాటల హక్కులు రాసినవాళ్ళ దగ్గర లేవని నాకూ తెలుసు. ఏ ఆడియో కంపెనీకో నాలుగు డబ్బులకి రాసిచ్చేసి ఉంటారు. అలాంటప్పుడు మనం కట్టేది వాళ్ళకి చేరకపోవచ్చు. అయినా ఫోను చెయ్యడానికి లైసెన్సు అక్కర్లేదు కదా.

అందుకే చేశాను. ఆ పాట ఎవరిదో కనుక్కోవడానికి నలభై రోజులు పట్టింది. మా బావమరిది, వాళ్ళ పాస్టర్ గారు, ఆయనకి తెలిసిన కీబోర్డ్ బ్రదర్, ఇలా చేతులు మారి చివరికి పల్నాడులో ఒక పల్లెటూరి పెద్దాయన నంబరు దొరికింది. వందనాలు చెప్పి, అయ్యగారూ, మీ పాట ఇక్కడ పాడుకుంటున్నాం, మీకేమైనా పంపాలనుకుంటున్నాం అన్నాను. ఆయన డబ్బు మాట ఎత్తలేదు. "ఎట్టా పాడతన్నారో ఓసారి పాడు బాబూ" అన్నాడు. పాడాను. పల్లవి దాటనివ్వలేదు.

"కడలి ఏందయ్యా? మా ఊళ్ళో కడలి యాడుంది? కడవ! మా అమ్మ నీళ్ళకని పొయ్యి బాయికాడ ఏడ్చుకునేది. ఆ కడవ అది."

నేను ఆరేళ్ళ కింద ఏదో వీడియో విని రాసుకున్నాను. అప్పుడు తప్పుగా విన్నాను. ఆ ఫైలు ఎన్ని ఊళ్ళు తిరిగిందో తెలియదు, హ్యూస్టన్ ఒక్కటే నాకు కనబడింది. 1779లో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ తమ కీర్తనల పుస్తకానికి రాసిన ముందుమాటలో ఇదే మొత్తుకున్నాడు. మా పాటలు అచ్చు వేసుకోండి, సంతోషం, కానీ ఉన్నదున్నట్టు వేసుకోండి, బాగుచెయ్యొద్దు అని. మన పెద్దాయన వెస్లీని చదివి ఉండడు.

ఆయన వద్దన్నా సంఘం తరఫున కొంత పంపాం. స్లైడు దిద్ది, కింద ఆయన పేరు పెట్టి, హ్యూస్టన్ వాళ్ళకీ కొత్త ఫైలు పంపాను. మూలన మా చర్చి పేరు ఈసారి నేనే తీసేశాను. తర్వాతి ఆదివారం తెర మీద "కడవ" అని అంత పెద్ద అక్షరాలతో ఉంటే, సగం మంది కడలి అనే పాడారు. అందులో నా గొంతూ ఉందని మా ఆవిడ అంటోంది.