ముందు రూల్స్ చెప్తా, కూర్చోండి

పండగ భోజనాలయ్యాయి. అరిసెల డబ్బాకి ఇంకా మూత పెట్టలేదు. పెద్దమ్మ పేకకట్ట ఎక్కడుందా అని వెతుకుతోంది. సరిగ్గా అప్పుడే ఇంటికొకడు చొప్పున ఉండే మేధావి బ్యాగులోంచి కటాన్ అనే బోర్డు గేమ్ డబ్బా తీస్తాడు. "ముందు రూల్స్ మొత్తం చెప్పేస్తా, తర్వాత ఆడదాం" అంటాడు. ఈ ముక్క వల్ల ఎన్ని సాయంత్రాలు మంటగలిశాయో మీకు తెలుసు. అయినా చెబుతాను, కడుపుమంట.

ఈ విద్యకి ఒక సంప్రదాయం ఉంది. శ్రీకారం జర్మనీలో చుట్టాలి. 1995లో క్లాస్ టాయ్‌బర్ అనే ఆయన దీన్ని తయారు చేశారనీ, అంతకుముందు ఆయనది కట్టుడు పళ్ళ ల్యాబ్ పనీ అని సెలవిస్తాడు. అత్తయ్యకి ఈ ప్రసంగం మొత్తంలో పనికొచ్చింది ఆ ఒక్క ముక్కే. కింద దవడ పన్ను ఆవిణ్ణి నెల్నాళ్ళుగా వేధిస్తోంది.

తర్వాత పంచాంగ శ్రవణం. ఆరు పలకల బిళ్ళలు 19, అంకెల బిళ్ళలు 18, డెవలప్‌మెంట్ కార్డులు 25. అందులో నైట్లు 14, పాయింట్లిచ్చేవి 5, మిగతా మూడు రకాలూ రెండేసి. పంచాంగంలోనైనా మన రాశి వచ్చేసరికి చెవి రిక్కిస్తాం, ఇందులో ఎవరి రాశీ రాదు. గొర్రె కార్డు దేనికో తెలియని బాబాయికి మోనోపలీ కార్డుతో ఊళ్ళో గొర్రెలన్నీ ఎలా లాక్కోవాలో బోధిస్తాడు. రేవుల దగ్గర మూడుకి ఒకటి, కొన్నిచోట్ల రెండుకి ఒకటి, బ్యాంకులో నాలుగుకి ఒకటి అంటూ మారకం రేట్లు చదువుతాడు. మారకానికి ఎవరి చేతిలోనూ ఒక్క కార్డు లేదు. పాచికలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.

డబ్బాలో ఉన్నది నలుగురికే. ఐదో మనిషి ఉంటే ఎక్స్‌టెన్షన్ వేరే కొనాలి. కొనలేదు కాబట్టి నాన్నగారికి బ్యాంకు అప్పగిస్తారు. ఉద్యోగం పేరు ఘనమే, పని మాత్రం అడిగినవాడికి ఇటుకలందించడం. రకానికి 19 చొప్పున 95 కార్డుల్ని ఆయన వరసగా పేర్చి, అంచులు సరిచేసి, మళ్ళీ పేర్చి, రిటైరైన ఇన్నాళ్ళకి మళ్ళీ కౌంటర్లో కూర్చున్నట్టు గంభీరంగా ఉంటారు. ఎవరైనా కార్డు అడిగితే ముందు కళ్ళజోడు సవరించుకుంటారు. "బ్రిక్ ఇవ్వండి" అంటే ఏది బ్రిక్కో ఎవరూ చెప్పలేదు. ఓర్, అంటే ఖనిజం కార్డు, అందిస్తారు. "అది కాదు నాన్నా!" అని విసుక్కుంటాడు మేధావి.

ఇళ్ళు పెట్టే ఘట్టం వస్తుంది. బాబాయి బిళ్ళ నడిమధ్యలో పెడతాడు. అక్కడ కాదు, మూడు బిళ్ళలు కలిసే మూల మీద. సరేనని అత్తయ్య పక్క మూల మీద పెడుతుంది. అక్కడా కుదరదు, రెండిళ్ళ మధ్య కనీసం రెండు అంచుల దూరం ఉండాలట. ఈ ముక్క ఆవిడ పెట్టాకే బయటికొస్తుంది. ఈసారి బాబాయి ఆలోచించి 12 పక్కన పెడతాడు, పెద్ద అంకె కదా అని. మేధావి నోరు మెదపడు. బిళ్ళ మీది అంకె పాచికల్లో పడితేనే పక్కనున్న ఇంటికి ఆ బిళ్ళ సరుకు. రెండు పాచికల మీద 12 పడటానికి 36లో ఒక్క దారే, 8కి ఐదు దారులు. ఆ లెక్క బిళ్ళ మీదే చుక్కల్లో ఉంది, 12 కింద ఒకటి, 8 కింద ఐదు. ఇంత వాగినవాడికి చుక్కలు చూపించడానికి మాత్రం నోరు రాదు, 8 పక్కన తన ఇల్లు ఉంది కాబట్టి.

బాబాయి చేతికి గోధుమలొస్తాయి, గొర్రెలొస్తాయి. రోడ్డుకీ ఇంటికీ కూడా కలపా ఇటుకా తప్పనిసరి, ఆయన మొదటి రెండిళ్ళూ వాటికి ఆమడ దూరం. పాపం, దాచుకుంటాడు. ఎనిమిది కార్డులయ్యాయో లేదో ఏడు పడుతుంది. "ఏడు దాటినవాళ్ళు సగం పారెయ్యాలి. చెప్పానుగా!" చెప్పాడు, నిజమే. నలభై నిమిషాల కిందట, మోనోపలీకీ రేవులకీ మధ్యలో. మిగిలిన నాలుగులో ఒకటి దొంగ అనే పావు పేరు చెప్పి తనే లాక్కుంటాడు. చివరికి పది పాయింట్లయి లేచి నిలబడతాడు. "పదికి గెలుపా?" అంటుంది అత్తయ్య. అసలు ముక్క అప్పుడు తెలుస్తుంది. రెండుతో మొదలెట్టిన బాబాయి మూడు దగ్గర ఉన్నాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి "నీకిది కష్టంలే పెద్దమ్మా, నువ్వు రమ్మీ ఆడుకో" అంటాడు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఒరేయ్, నాలుగు చేతుల కిందట ఎవరు ఏ ముక్క పారేశారో ఆవిడకి గుర్తుంటుంది. చేతిలో 13 ముక్కలు చూసి, లైఫ్ పడుతుందా, డ్రాప్ అవ్వాలా అని తేల్చడానికి ఆవిడకి అర నిమిషం పట్టదు. తప్పు షో పెడితే 80 పాయింట్లు అంటుకుంటాయని తెలిసి, అందుకు తగ్గట్టు ఆడే మనిషి. ఆవిడకా కష్టం? కష్టం ఆటలో లేదు, నీ నోట్లో ఉంది. నీకు ఆట నేర్పాలని లేదు, నీ కింద ముగ్గురు ఓడిపోయేవాళ్ళు కావాలి.

నేర్పడానికి పట్టేది ఐదు నిమిషాలు. పదికి గెలుపు, ఇల్లు ఒకటి, సిటీ రెండు. చుక్కలు చూపించు. రూల్స్ పుస్తకంలో కొత్తవాళ్ళ కోసం బిళ్ళలూ ఇళ్ళూ ముందే అమర్చిన బొమ్మ ఉంది, దాన్ని చూసి పేర్చు. ధరల కార్డు తలా ఒకటి ఇచ్చి పాచికలు వెయ్యి. డెవలప్‌మెంట్ కార్డుల సంగతి ఎవరి చేతిలోనైనా ఓర్, గొర్రె, గోధుమ కలిసినప్పుడు చెప్పు. ఎవరికైనా ఎనిమిదో కార్డు వస్తే ఏడు పడకముందే హెచ్చరించు. రెండు పాయింట్లున్నవాళ్ళ మీదికి దొంగని తోలకు. నీ కార్డులు బల్ల మీద వెల్లకిలా పెట్టి ఆడు, ఏం చేస్తున్నావో, ఎందుకో పైకి చెప్పు. ఓడిపోతావా? ఓడిపో!

"ఇంకో గేమ్ వేద్దామా? ఇప్పుడు రూల్స్ వచ్చేశాయిగా" అంటున్నాడు మేధావి. బల్ల దగ్గర నాన్నగారొక్కరే ఉన్నారు, గొర్రెలు 18 తేలుతున్నాయని నాలుగోసారి లెక్కపెడుతూ. పక్కగదిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"షో."