కంపెనీని కొన్నంతనే విలువ పెరగదు: ఆ మెసేజ్‌కి నా జవాబు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "టెక్ కంపెనీ ఇంకో కంపెనీని కొంటే విలువ పెరిగి తీరుతుంది, ఇన్‌స్టాగ్రామే సాక్ష్యం. పెద్ద కంపెనీలు చూసి చూసి కొంటాయి, తప్పు చేయవు. వార్త వచ్చిన రోజే కొనే పెద్ద కంపెనీ షేర్లు తీసుకోండి. ఇందులో ఎవరికీ నష్టం లేదు" అని. రొయ్యల పట్టుబడి డబ్బులో మూడు లక్షలు ఇందులో పెడదామా అని మా బావ అడిగాడు. అందుకే రాస్తున్నాను.

మొదటి మాట, కొంటే విలువ పెరుగుతుందని. మా పెదనాన్న ఒకప్పుడు పక్కవాళ్ల ఎకరం చెక్కని ఊళ్లో రేటు కన్నా బాగా ఎక్కువిచ్చి కొన్నాడు. మోసపోయాడన్నారందరూ. శివారున ఉన్న మా నాలుగెకరాలకు నీళ్లొచ్చే బోదె ఆ చెక్కలోంచే వెళ్తుంది. వేరేవాళ్లు కొంటే అది ఒక ఎకరమే. ఆయన కొన్నాక అయిదెకరాలూ నీళ్లున్న భూమి అయింది.

ఇన్‌స్టాగ్రామ్ సంగతీ అంతే. 2012లో ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లు పెట్టేనాటికి అందులో పనిచేసేవాళ్లు 13 మంది, ఆదాయం లేదు. కానీ ఫోన్లో ఫొటోలు పెట్టే జనం అక్కడున్నారు. ప్రకటనలు అమ్మే యంత్రాంగం ఫేస్‌బుక్ దగ్గర సిద్ధంగా ఉంది. రెండూ కలిశాయి కాబట్టే విలువ. 2008లో యాపిల్ 27.8 కోట్ల డాలర్లకు పీఏ సెమీ అనే చిన్న చిప్‌ల కంపెనీని కొన్నదీ అందులోని ఇంజినీర్ల కోసమే. ఐఫోన్‌కి సొంత చిప్‌లు తయారుచేసుకునే బలం అలా వచ్చింది. ఆ మనుషులే వెళ్లిపోయి ఉంటే ఏం మిగిలేది?

పెద్ద కంపెనీ తప్పు కొనదంటారా? 2014లో మైక్రోసాఫ్ట్ సుమారు 720 కోట్ల డాలర్లకు నోకియా ఫోన్ల వ్యాపారం తీసుకుంది. మరుసటి ఏడాది 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసింది. హెచ్‌పీ 2011లో ఆటానమీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని దాదాపు 1,100 కోట్ల డాలర్లకు కొని, 2012లో 880 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసింది.

వార్త వచ్చిన రోజే షేర్లు కొనమనడం అన్నిటికన్నా ప్రమాదం. కొనేవాడు మామూలుగా మార్కెట్ ధర మీద అదనం ఇస్తాడు. అది అమ్మినవాళ్ల చేతికి వెళ్తుంది. పంట ఏ కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్కకి) వస్తుందో తెలియకుండానే చెరువు లీజు పెంచి తీసుకోవడం లాంటిదిది. అంత లాభం రాకపోతే కొన్నవాడే మునుగుతాడు.

ఇక మనవైపు మనిషి రామలింగరాజు పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం సంగతి మరిచిపోయామా? 2008 డిసెంబర్ 16న ఆ కంపెనీ, ఆయన కుటుంబానికే చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటానంది. ఆ రాత్రే అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా పడింది, తెల్లారేసరికి ఒప్పందం వెనక్కి తీసుకున్నారు. లెక్కల్లో చూపించిన, నిజానికి లేని ఆస్తుల స్థానంలో నిజమైనవి పెట్టడానికి అది చివరి ప్రయత్నమని 2009 జనవరి 7న ఆయనే ఉత్తరంలో ఒప్పుకున్నాడు. కొనుగోలు వార్త వినగానే ఎవరిది కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు అని అడగాలి బావా.

చివరిగా, ఎవరికీ నష్టం లేదన్న మాట. పోటీ పడటం కన్నా కొనేయడం మేలని ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ 2008లో రాసిన ఈమెయిల్ అమెరికాలో కేసుకెక్కింది. కొనుగోలు విలువలో కొంత భాగం పోటీ లేకుండా చేసుకోవడంలోంచీ రావచ్చు. మన దేశంలోనూ 2024 సెప్టెంబర్ నుంచి, భారత్‌లో చెప్పుకోదగ్గ వ్యాపారమున్న కంపెనీని 2,000 కోట్ల రూపాయలకు మించి కొంటే, దాని ఆదాయం తక్కువైనా, వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ అనుమతి తీసుకోవాలి.

మా పెదనాన్న ఆ చెక్క కొన్న తర్వాత, దిగువనున్న ఇద్దరు రైతులు నాట్ల ముందు మా ఇంటికొచ్చి నీళ్లు అడిగేవాళ్లు. ఆయన ఏ ఏడూ కాదనలేదు. కానీ అంతకు ముందు వాళ్లకు మా గుమ్మం ఎక్కాల్సిన పనే ఉండేది కాదు.