ఎల్విస్ అడిగినా ఇవ్వని పాట

అమెరికన్ కంట్రీ గాయని డాలీ పార్టన్ చిన్నప్పటి పేదరికం గురించి ఇక్కడ అమెరికాలో ఉండే మన తెలుగువాళ్ళలో చాలామంది వినే ఉంటారు. 1946లో టెనెసీలో స్మోకీ కొండల దగ్గర పుట్టింది, పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది, కాన్పు చేసిన డాక్టరుకు ఇవ్వడానికి డబ్బుల్లేక వాళ్ళ నాన్న బస్తా మొక్కజొన్న పిండి ఇచ్చి పంపాడు. 1964లో హైస్కూల్ అయిన మర్నాడే కంట్రీ పాటలకు పేరుపడ్డ నాష్‌విల్ నగరానికి వెళ్ళిపోయింది. ఆ గొంతు, ఆ కష్టం, ఆ పేరు, అన్నీ నిజమే. కానీ నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది ఇంకో విషయంలో.

1974లో ఆవిడ రాసి పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ హిట్టయింది. రాక్ అండ్ రోల్ స్టార్ ఎల్విస్ ప్రెస్లీ ఆ పాట తనూ పాడతానన్నాడు. డాలీ ఎగిరి గంతేసింది. తీరా అంతా కుదిరాక, పబ్లిషింగ్ హక్కుల్లో, అంటే పాట మీద డబ్బు వచ్చే హక్కుల్లో, సగం రాసిస్తేనే అన్నాడు ఎల్విస్ మేనేజరు. ఆవిడ ఇవ్వనంది, రాత్రంతా ఏడ్చింది, అయినా ఇవ్వలేదు. ఈ దేశంలో మామూలు AM/FM రేడియోలో పాట వేస్తే డబ్బు వెళ్ళేది పాడినవాళ్ళకు కాదు, రాసినవాళ్ళకూ పబ్లిషర్‌కూ. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడి ప్రపంచమంతా మోగించినప్పుడు ఆ హక్కు డాలీ చేతిలోనే ఉంది. కౌలు సేద్యం చేసిన ఇంట్లో పుట్టిన మనిషికి సొంత చెక్క విలువ ఇంకొకరు చెప్పాలా!

సంపాదించింది దాచుకోనూ లేదు. నాన్నకు చదువు రాదన్న బాధతో 1995లో సొంత కౌంటీ పిల్లలకు మొదలుపెట్టిన పథకం, పుట్టినప్పటి నుంచి ఐదేళ్ళు వచ్చేదాకా నెలకో పుస్తకం ఉచితంగా పోస్టులో పంపేది, ఇప్పటికి 20 కోట్ల పుస్తకాలు దాటింది. మీ ఏరియాలో ఉంటే మన పిల్లలకూ వస్తాయి, కనుక్కోండి.

ఇదంతా ఎందుకంటే, మన సంబరాలకు జానపద గాయకుల్ని పిలిపిస్తాం. టికెట్టు కొంటాం, శాలువా కప్పుతాం, కవరు చేతిలో పెడతాం, అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆ వీడియో ఎవరో ఒకరి చానెల్లోకి ఎక్కుతుంది, వ్యూస్ వస్తాయి, చాలాసార్లు పాట కట్టినవాళ్ళ పేరు కూడా కింద ఉండదు, అడగడానికి వాళ్ళకు మొహమాటం. ఇది నాకు అస్సలు నచ్చదు. వచ్చే ప్రోగ్రాం నుంచైనా, వీడియో హక్కు ఎవరిది, దాని మీద డబ్బొస్తే ఎవరికి వెళ్ళాలి అన్నది తెలుగులో ఒక్క పేజీ రాసి, ఆ కళాకారుడికి చదివి వినిపించి, ఆయన సరే అన్నాకే కెమెరా ఆన్ చేద్దాం.