ఆ డాక్యుమెంటరీలో నా హీరో పొడుగోడు కాదు, పక్కనున్న దుబాసీ

నిన్న ఆదివారం మా బావమరిదిని కూర్చోబెట్టి యావో మింగ్ డాక్యుమెంటరీ చూపించాను. ‘ద ఇయర్ ఆఫ్ ద యావో’, 2004 నాటిది. షాంఘై షార్క్స్ జట్టు నుంచి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని హ్యూస్టన్ రాకెట్స్‌కి వెళ్లిన ఆ చైనా కుర్రాడి మొదటి సీజన్, 2002-03 కథ. పట్టుమని పది నిమిషాలు కాలేదు, మావాడు తీర్పిచ్చేశాడు: "ఏడున్నర అడుగులుంటే ఎవడైనా వేస్తాడు బావా, చెయ్యెత్తితే బుట్ట అందుతుంది."

అక్కడే నాకు కాలింది. మరి అక్టోబరు 30న ఇండియానా జట్టు మీద మొదటి మ్యాచ్‌లో పాయింట్లు సున్నా, రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) రెండు ఎందుకయ్యాయి? ఆ రాత్రికి ఎత్తేమైనా తగ్గిందా? టీవీలో వ్యాఖ్యానం చెప్పే మాజీ ఆటగాడు చార్ల్స్ బార్క్లీ అయితే వీడు ఒక్క మ్యాచ్‌లో 19 పాయింట్లు చేస్తే పక్కనున్న కెనీ స్మిత్ పిర్రకి ముద్దు పెడతానని పందెం కాశాడు. నవంబరు 17న లేకర్స్ జట్టు మీద తొమ్మిది షాట్లేసి తొమ్మిదీ బుట్టలో పడేశాడు యావో. మొత్తం 20. ఇంగ్లిష్‌లో ‘యాస్’ అంటే పిర్రా, గాడిదా కూడా కదా, స్మిత్ నేరుగా ఓ గాడిదనే పట్టుకొచ్చాడు. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లే పట్టుకున్నాడు, బార్క్లీ ఇంకో మెట్టు దిగి దాని వెనకభాగాన్నే ముద్దాడాడు.

సరే, గాడిద సంగతి కాదు నేను చెప్పాలనుకున్నది. కాలిన్ పైన్ సంగతి. అమెరికా విదేశాంగ శాఖలో అనువాదాలు చేసుకునే మనిషి, యావోకి దుబాసీగా వచ్చాడు. టైమ్‌అవుట్‌లో కోచ్ గబగబా చెప్పేదాన్ని బజర్ మోగేలోపు చైనీస్‌లోకి దించి చెవిన వెయ్యాలి. విలేకరుల ప్రశ్నలకీ అతనే, జోకులకీ అతనే. అందరూ పైకి యావో తలకాయ కేసి చూస్తుంటే నేను మాత్రం అతని భుజం దగ్గర నిలబడ్డ ఈ మనిషినే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే నాకూ ఒకడు ఉండేవాడు.

మాది శ్రీకాకుళం జిల్లా. ఆరడుగుల మూడంగుళాలు. బూజు దులపాలంటే వీధి వీధంతా నన్నే పిలిచేది. 2009లో హైదరాబాద్ వచ్చి కాలేజీలో చేరితే, వారం తిరక్కుండానే బాస్కెట్‌బాల్ టీమ్‌లో సెంటర్‌గా, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగోడిగా, నిలబెట్టేశారు. మొదటి ప్రాక్టీసులో కోచ్ "పీఛే దేఖ్! పీఛే దేఖ్!" అని అరుస్తున్నాడు. హిందీ ముక్క రాదు నాకు. పీచు అంటే కొబ్బరిపీచే తెలుసు. దగ్గరికెళ్లి "ఏటి సార్, ఇటు రమ్మంతారా, అటెళ్లమంతారా?" అన్నాను. ఈలోపు వెనక నుంచి వచ్చినవాడు బంతి లాక్కెళ్లి బుట్టలో వేసేశాడు. కోర్టంతా ఒకటే నవ్వు. ఆ పూటతో నా పేరు "ఏటి సార్" అయిపోయింది, మూడేళ్లు.

ఒక్క సీనియర్ అన్న మాత్రం నవ్వలేదు. ప్రాక్టీసు అయ్యాక నన్ను చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌కి తీసుకెళ్లి, ఇరానీ చాయ్ తాగించి, "తమ్మీ, పీఛే అంటె ఎన్క. బాజూ అంటె పక్కకు. గీ రెండు యాదికి వెట్టుకో, తతిమ్మా నేను జూస్కుంట" అన్నాడు. ఆ సంవత్సరమంతా కోచ్ అరవడం, అన్న నాకు చెప్పడం. నేనాడిన ఆటలో సగం ఆయనదే.

అందుకే డాక్యుమెంటరీలో షకీల్ ఓనీల్ గొడవ చూస్తే ఒళ్లు మండింది. అందరూ షాక్ అని పిలిచే అంతటి లేకర్స్ ఆటగాడు, చైనీస్‌ని చింగ్ చాంగ్ అంటూ వెక్కిరించాడు. దానికి యావో, చైనీస్ కష్టమే, చిన్నప్పుడు నేనూ ఇబ్బంది పడ్డాను అన్నాడంతే. 2003 జనవరి 17న ఎదురుపడినప్పుడు షాక్ వేసిన మొదటి షాట్లని యావో చేత్తో కొట్టి పంపేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో రాకెట్స్ 108-104తో గెలిచింది. షాక్ ఆ వెక్కిరింపుకి క్షమాపణ కూడా చెప్పాడు.

మనం ఎవరికి చెప్పాం? మన సినిమాల్లో పనివాడికి మా యాస, రౌడీ పక్కనోడికి తెలంగాణ యాస పెట్టుకుని ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. పైగా సత్నాం సింగ్ పేరెత్తితే "ఏం పీకాడు" అంటారు. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె నుంచి పద్నాలుగేళ్లకి, సరిగా ఇంగ్లిష్ రాకుండానే, ఫ్లోరిడా అకాడమీకి వెళ్లిన పిల్లాడు. 2015లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డల్లాస్ జట్టు వాణ్ణి 52వ పిక్‌గా తీసుకుంది. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు, నిజమే. మియాపూర్ సోఫాలో కూర్చుని పెదవి విరిచేవాళ్లలో పక్క రాష్ట్రంలో ఆర్నెల్లున్నవాళ్లు ఎంతమంది?

ఇదంతా బావమరిది మీద కక్కేసి కిందికి దిగాను. మా అపార్ట్‌మెంట్ కోర్టులో పిల్లలు ఆడుతున్నారు. కొత్తగా చేరిన వాచ్‌మన్ కొడుకు, అస్సాం పిల్లాడు, స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాడు. వాణ్ణి ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారు, అది ఇక్కడ రాయను. పిలిచినవాళ్లలో మా అక్క కొడుకూ ఉన్నాడు. వాడి చేతిలో బంతి లాక్కుని, నాకొచ్చిన హిందీలో "పీఛే దేఖ్!" అని అరుస్తూ అస్సాం వాడి వెనక గోడ మీదికి విసిరాను.

వాడికీ హిందీ అంతంతమాత్రమేనట. నా మొహమే చూస్తూ నిలబడ్డాడు. బంతి గోడకి కొట్టుకుని, వాడి వీపుకి తగిలి, పార్కింగ్‌లోకి దొర్లిపోయింది. ఇద్దరం వంగి కార్ల కింద వెతుక్కున్నాం.